ట్రేలో ఐదో గ్లాసు

సనోబర్‌కు అన్నిటికంటే పెద్ద భయం ఒకటే. నిద్రలో పాప ఊపిరి తీసుకోవడం మర్చిపోతుందేమోనని.

"మర్చిపోవడానికి అదేమన్నా ఎక్కాలా?" అని ఆమె భర్త షాహుల్ నవ్వేవాడు. పాప తరన్నుమ్‌కు తొమ్మిదో నెల. పుట్టిన కొత్తలో కొన్నాళ్లు ఆస్పత్రిలో అద్దాల పెట్టెలో పెట్టారు. ఆ తర్వాత అంతా బాగుంది, ఇక భయం లేదని డాక్టరమ్మ చెప్పి పంపించింది. డాక్టరమ్మకు పోయిన భయం సనోబర్‌కు మాత్రం పోలేదు. తాలింపు వేస్తూ చెవి ఉయ్యాల వైపు పెట్టేది. బట్టలు ఉతుకుతూ మధ్యలో కొళాయి కట్టేసి వినేది. మరీ అనుమానమొస్తే చేతి వెనకభాగం పాప ముక్కు దగ్గర పెట్టి చూసేది. వెచ్చగా గాలి తగిలేది. సనోబర్ ప్రాణం కుదుటపడేలోపు పాపకు చక్కిలిగింత పుట్టి, లేచి రాగం అందుకునేది.

"నిద్రపోయే బిడ్డను లేపి, నిద్రపోయిందా అని చూసుకునేది ఈ దుబాయ్ మొత్తంలో నువ్వొక్కదానివేమ్మే" అనేవాడు షాహుల్.

ఈ సంగతి ఇంట్లో ఇంకెవరికీ చెప్పొద్దని అతని చేత ఒట్టు వేయించుకుంది. ఎనిమిదో తరగతిలో చదువు మాన్పించినప్పటినుంచీ నలుగురిలో నోరు విప్పాలంటే ఆమెకు బెరుకు. చదువు లేదు సరే, మతి కూడా లేదనుకుంటారని ఇప్పుడు ఇంకో బెరుకు.

వాళ్లుండేది మనవాళ్లు దుబాయ్ అని పిలిచే ఆ దేశంలోనే కల్బా అనే ఊళ్లో, సముద్రానికి రెండు వీధుల ఇవతల, ఒక పాతకాలపు అరబ్బు ఇంట్లో. నాలుగు గదులు, నడుమ ఒక పెద్ద మజ్లిస్. వచ్చిపోయేవాళ్లను కూర్చోబెట్టడానికి అరబ్బులు కట్టుకునే హాలు అది. వీధి తలుపు అందులోకే తెరుచుకుంటుంది. నాలుగు గదుల తలుపులూ అందులోకే. వంటింటికి పోవాలన్నా, పెరట్లో బట్టలు ఆరేయాలన్నా దాన్ని దాటాల్సిందే. ఆ మజ్లిస్‌లో ఒక పక్కన పరదా కట్టుకుని కాపురముంటున్నది సనోబర్, షాహుల్, పాప. అద్దెలో అందరితో సమానంగా వాటా. షాహుల్‌కు దగ్గర్లోనే టైర్ల షాపులో పని.

మొదటి గది అమీర్ జాన్‌ది. సనోబర్ వాళ్లలాగే రాయచోటి మనిషి. ఇల్లు ఆయన పేరు మీదే ఉంది. భార్య, తొమ్మిదో తరగతి చదివే కూతురు షగుఫ్తా ఆయనతోనే ఉంటారు. రెండో గదిలో అమలాపురం అంజిబాబు, అతని భార్య నాగదుర్గ. అతను ఏసీ మెకానిక్. మూడో గది పెళ్లికాని కుర్రాళ్లది. జగిత్యాల వెంకీ వాళ్లకు నాయకుడు. నాలుగో గదిలో అరబ్బుల ఇళ్లలో పనిచేసే గోదావరి ఆడవాళ్లు ముగ్గురు. వాళ్లలో పెద్దది వీరమ్మ.

ఇన్ని ఊళ్లవాళ్లు ఒక కప్పు కింద తలలు పగలగొట్టుకోకుండా ఉన్నారంటే దానికి కారణం టీ. కల్బాలో శుక్రవారం నుంచే సెలవు. నమాజూ భోజనాలూ అయ్యాక, సాయంత్రం మజ్లిస్ నడుమ ఎర్ర జంపఖానా పరుస్తారు. గదికొకరు వచ్చి కూర్చుంటారు. గదికొక గ్లాసు చొప్పున ట్రేలో టీ వస్తుంది. అమీర్ జాన్‌ది బంగారు అంచు గ్లాసు. అంజిబాబుది స్టీలు గ్లాసు, ఇంటినుంచి తెచ్చుకున్నది. వెంకీది చెవి విరిగిన కప్పు. వీరమ్మది జామ్ అయిపోయాక కడిగి ఉంచుకున్న సీసా. నీళ్ల ట్యాంకరు ఎప్పుడు పిలవాలి, వంటింట్లో ఎవరి వంతు ముందు, ఎలుకల మందు పెట్టాలా వద్దా, ఏదైనా టీ తాగుతూ మాట్లాడుకుంటారు. తాగడం అయ్యాక ఒప్పుకున్నవాళ్లు గ్లాసు నిలువుగా పెడతారు. ఒప్పుకోనివాళ్లు బోర్లిస్తారు. బోర్లించినవాళ్లు కారణం చెప్పాలి. ఆ కారణం నచ్చితే మిగతావాళ్లు తమ గ్లాసు మార్చుకోవచ్చు. రెండూ రెండూ అయితే అమీర్ జాన్ గ్లాసు రెండు గ్లాసుల కింద లెక్క.

ఆ టీ పెట్టేది సనోబర్. జంపఖానా పరిచేది, ఎత్తేది, దాని మీద రాలిన బిస్కెట్ల పొడి ఊడ్చేది కూడా ఆమే. ట్రేలో ఆమె గ్లాసు మాత్రం ఉండదు. నీలిపూల గ్లాసొకటి ఆమెకుంది గానీ దాని చోటు వంటింటి గూట్లో.

దానికీ ఒక కథ ఉంది. వీళ్లకు ముందు మజ్లిస్‌లో ఒక వంటమనిషి ఉండేవాడు. అప్పుడు ట్రేలో అతనిదీ కలిపి ఐదు గ్లాసులు. ఒకసారి కుర్రాళ్ల గదితో అతనికి మాటామాటా వచ్చింది. వీధి తలుపు లోపల గడియ పెట్టేసుకుని కూర్చున్నాడు. కూరగాయల సంచులతో, చేపలతో ఇంటిల్లిపాదీ మిట్టమధ్యాహ్నం ఎండలో వీధిలో నిలబడ్డారు. చేపలు పాడైపోయాయి. ఆ రోజే అమీర్ జాన్ గడియ పీకించి, రూలు పెట్టాడు. మజ్లిస్ అందరిదీ. అందరూ కూర్చునే చోటు ఒకరి చేతిలో ఉండకూడదు. కాబట్టి మజ్లిస్‌లో ఉండేవాళ్లకు ట్రేలో గ్లాసు లేదు.

సనోబర్ కూడా ఇన్నాళ్లూ అది న్యాయమే అనుకుంది. ఆ శనివారం పెరట్లో కొళాయి దగ్గర వీరమ్మ ఒక కబురు మోసుకొచ్చేదాకా.

"విన్నావా అమ్మాయ్, వెంకీ వాళ్లు టీవీ కొన్నారంట. దేశం వెళ్లిపోతున్న పాకిస్తానీ కుర్రోడి దగ్గర. మంచమంత ఉంటదంట. క్రికెట్టు ప్రపంచ కప్పు వస్తంది కదా."

"మంచమంత టీవీ వాళ్ల గదిలో యాడ పడుతుంది పిన్నీ?"

"అక్కడెక్కడ పడుతుంది? మజ్లిస్ గోడకి కొట్టేత్తారంట. వచ్చే శుక్రవారం టీ దగ్గర తేల్చేత్తారు. నువ్వు సుబ్బరంగా ఇంట్లోంచే చూసుకోవచ్చు."

సనోబర్ చేతిలో తడిబట్ట అలాగే ఉండిపోయింది. మజ్లిస్ గోడ అంటే పాప ఉయ్యాలకు ఎదురుగోడ. నెలన్నర పాటు రోజూ మ్యాచి. ఫోరు కొడితే అరుపులు, అవుటైతే ఇంకా పెద్ద అరుపులు. ఆ గోలలో ఒక చిన్న ముక్కులోంచి వచ్చే గాలి చప్పుడు ఎలా వినపడుతుంది?

షాహుల్ డ్యూటీ నుంచి రాగానే చెప్పింది. అతను చేతులకున్న నల్లటి మసి తుడుచుకున్నాడు.

"నలుగురూ పెట్టాలంటే పెడతారు. మనకు మాట లేదు గదా. ఖలాస్."

"నువ్వన్నా అమీర్ మామూకు చెప్పు."

"ఏమని చెప్పేది? ఒట్టు వేయించుకుంటివి గదా, ఎవరికీ చెప్పొద్దని." తర్వాత నెమ్మదిగా అన్నాడు, "నాకూ క్రికెట్టంటే ఇష్టమే గదమ్మే. ఫోనులో చూసి చూసి బంతి యాడుందో కనపడక కండ్లు పోతాండాయి."

అంటే పరదా ఇవతల కూడా ఆమె ఒంటరే అన్నమాట.

ఆదివారం మధ్యాహ్నం షగుఫ్తా పుస్తకాలు ఎత్తుకుని పరదాలోకి వచ్చింది. ఆ పిల్ల పుట్టింది, పెరిగింది ఇక్కడే. తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు మూడూ ఒకే గిన్నెలో వేసి కలిపినట్టు మాట్లాడుతుంది. సనోబర్‌ను ఆపా అంటుంది, అంటే అక్క.

"ఆపా, గురువారం మా స్కూల్లో డిబేట్. ప్రాక్టీసుకి నాకు ఆపోజిట్ సైడ్ కావాలి. నువ్వు చెయ్."

"నాకేం తెలుసు మ్మే?"

"తెలియకపోతేనే మంచిది. నేను గెలుస్తా."

టాపిక్ ఏంటంటే, దేశ రాజధానిలో ఉండే జనానికి సొంత రాష్ట్రం ఉండాలా, పెద్ద సభలో వాళ్ల మనిషికి ఓటు ఉండాలా అని. చీటీ తీస్తే షగుఫ్తాకు 'వద్దు' పక్షం వచ్చింది. సనోబర్ 'ఉండాలి' అనాలి.

"ఉండాలి" అంది సనోబర్. "అయిపోయిందా?"

"అట్ల కాదు ఆపా. ఆగు, చూపిస్తా." షగుఫ్తా వంటింట్లోకి వెళ్లి ట్రే తెచ్చింది. నాలుగు మూలలా నాలుగు గ్లాసులు పెట్టింది. "ఇవి రాష్ట్రాలు." గూట్లోంచి సనోబర్ నీలిపూల గ్లాసు తీసి నడుమ పెట్టింది. "ఇది రాజధాని. అందరూ ఇక్కడికే వచ్చి మీటింగు పెడతారు. చట్టాలు చేస్తారు. కానీ ఇక్కడే ఉండే జనానికి మిగతావాళ్లతో సమానంగా మాట ఉండదు. ఢిల్లీవాళ్లకు ఎమ్మెల్యేలు, ఎంపీలు ఉన్నారు కానీ పోలీసులు వాళ్ల గవర్నమెంటు చేతిలో లేరు. వాషింగ్టన్‌వాళ్లయితే పన్ను కడతారు, పెద్ద సభలో వాళ్ల మనిషి కూర్చుంటాడు, మాట్లాడతాడు. చట్టం పాస్ చేసేటప్పుడు ఓటు మాత్రం లేదు."

"వాళ్లు ఊరుకుండారా?"

"కార్ల నంబరు ప్లేట్ల మీద రాసుకున్నారు. పన్ను ఉంది, మాట లేదు అని."

సనోబర్ ట్రే వంక చూస్తూ ఉండిపోయింది. నడుమ నీలిపూల గ్లాసు. చుట్టూ బంగారు అంచు, స్టీలు, చెవి విరిగిన కప్పు, జామ్ సీసా.

"అట్లెందుకు చేసినారంట?"

షగుఫ్తా గొంతు సవరించుకుని, లేచి నిలబడి చెప్పింది. పూర్వం, వాషింగ్టన్ కట్టకముందు, ఒకసారి జీతాలు రాని సిపాయిలు పెద్ద సభ జరిగే ఇంటిని చుట్టుముట్టారట. ఆ ఊరి ప్రభుత్వం అడ్డం పడలేదట. సభవాళ్లు ఊరు విడిచి పోవాల్సి వచ్చిందట. అప్పుడే అనుకున్నారట, రాజధాని ఏ రాష్ట్రం చేతిలోనూ ఉండకూడదని.

సనోబర్‌కు ఫక్కున నవ్వొచ్చింది. "ఇది మన వంటమనిషి కథే గదమ్మే. చేపలొకటే తక్కువ."

షగుఫ్తా కూడా నవ్వింది. మరుక్షణమే మొహం గంభీరంగా పెట్టింది. "నవ్వొద్దు. జవాబు చెప్పు. రాజధాని అందరిదీ. అందుకే అక్కడివాళ్లకు స్పెషల్‌గా రాష్ట్రం వద్దు."

"అందరిదీ అయితే ఊడ్చేదానికి అందరూ వస్తారా?"

షగుఫ్తా పెన్ను ఆగింది. "ఇంకా?"

"తలుపు వేసినోడు యాడికో పోయినాడు. వాడు చేసిన పనికి, తర్వాత వచ్చినోళ్లు ఎన్నేండ్లు నోరు మూసుకోవాల?"

"చాలా చిన్న ప్లేసు, ఆపా. రాష్ట్రమంటే పెద్దగా ఉండాలి."

"స్థలం చిన్నదైతే మనుషులు కూడా చిన్నగా పుడతారా?"

"కొన్ని రాష్ట్రాల కంటే అక్కడే జనం ఎక్కువ" అని షగుఫ్తా తనకు తానే గొణుక్కుంది. అది అవతలి పక్షం పాయింటు. తర్వాత బెంగగా అడిగింది, "ఆపా, నువ్వు స్కూలు ఎందుకు మానేశావు?"

"నేను మాన్లేదు. మాన్పించినారు. ఇంటికి దూరమని."

ఆ వారమంతా ప్రాక్టీసు సాగింది. ఒక్కో రోజు సనోబర్ పాపను భుజాన వేసుకునే వాదించేది. తన నోట్లోంచి అన్ని మాటలు వస్తాయని ఆమెకే తెలియదు. గొంతు ఎండితే ఇద్దరూ టీ తాగేవాళ్లు. నీలిపూల గ్లాసు గూట్లోకి వెళ్లడం మానేసి, కడిగిన ప్రతిసారీ ట్రేలోనే బోర్లించి ఉండేది.

గురువారం సాయంత్రం షగుఫ్తా బ్యాగు విసిరేసి పరదాలోకి వచ్చి పడింది.

"ఓడిపోయా ఆపా. నీ వల్లే."

"నేనేం చేసినా?"

"జడ్జి మేడమ్ చివర్లో అడిగింది, రాజధానివాళ్లకు ఒక్క మాటలో ఏం చెబుతావు అని. నేను 'అందరూ వచ్చి కూర్చునే ఇల్లయినా, అందులో నిద్రపోయేవాళ్లు కొందరే. వాళ్లను అడగాల' అనేశా. అది నీ మాట. నోట్లో కూర్చుండిపోయింది. మా సైడు వాళ్లు నన్ను తినేసేలా చూశారు." దుప్పట్లో మొహం దాచుకుని, ఒక కన్ను మాత్రం బయటపెట్టి అంది, "చప్పట్లు మాత్రం నాకే ఎక్కువ వచ్చాయి."

శుక్రవారం రానే వచ్చింది. జంపఖానా పరుచుకుంది. అమీర్ జాన్ అత్తరు వాసనతో వచ్చి దిండుకు ఆనుకున్నాడు. అంజిబాబు, వీరమ్మ, వెంకీ చుట్టూ కూర్చున్నారు. షాహుల్ ఎప్పటిలాగే జంపఖానాకు అవతల, చెప్పుల పక్కన గోడకు చేరబడ్డాడు. షగుఫ్తా వాళ్ల గది గుమ్మంలో నిలబడింది. పాప అప్పుడే నిద్రలోకి జారింది.

వంటింట్లో సనోబర్ చెవి ఉయ్యాల మీద ఉంది, చెయ్యి టీగిన్నె మీద ఉంది. ట్రేలో ఉన్న గ్లాసులన్నిట్లోకీ వంచి, తెచ్చి నడుమ పెట్టి, పరదా పక్కకు తప్పుకుంది.

నాలుగు చేతులు ముందుకొచ్చాయి. నాలుగు గ్లాసులు లేచాయి. ట్రేలో ఒకటి మిగిలింది. దాని మీదనుంచి పొగ లేస్తూ ఉంది.

"ఇది ఎవ్వలిది?" అన్నాడు వెంకీ అటూ ఇటూ చూసి. "చుట్టాలెవలన్న వచ్చిన్రా?"

అది సనోబర్ నీలిపూల గ్లాసు. పొరపాటయిందని చెప్పి తీసుకుపోవచ్చు. రెండడుగులు వేసింది కూడా. గుమ్మంలో షగుఫ్తా కనుబొమలు పైకి లేపింది, జవాబు చెప్పు అన్నట్టు.

"మాది, తమ్ముడూ" అంది సనోబర్.

అమీర్ జాన్ గ్లాసు నోటి దగ్గరే నిలిచింది.

"మజ్లిస్‌కు గ్లాసు లేదు గదా, బేటీ. నీకు తెలుసు ఎందుకు లేదో."

"తెలుసు మామూ. గడియ పెట్టినాడని. ఆ గడియ ఆ పొద్దే పీకేసినారు గదా. లేని గడియకు ఇంకా మాకెందుకు శిక్ష?"

అంజిబాబు టీ మింగబోయి దగ్గాడు. "చెల్లెమ్మ అన్నదాంట్లో పాయింటుందండి, అమీర్ భాయ్."

"పాయింటు ఉన్నంత మాత్రాన సరిపోదు. ఇది అందరూ కూర్చునే చోటు. ఇక్కడుండేవాళ్లకు గ్లాసిస్తే, రేపు మనం వాళ్లింట్లో కూర్చున్నట్టు అయితుంది. మన ఇంట్లో కూర్చున్నట్టు ఉండదు."

"అయితే ఓ పని చేద్దామండి" అన్నాడు అంజిబాబు. "వాళ్లని మా గదిలో కలిపేసుకుంటాం. వాళ్ల మాట కూడా మా గ్లాసులోనే వేసేసుకుంటాం. గొడవొదిలిపోద్ది."

గదిలోంచి నాగదుర్గ గొంతు వినపడింది. "ఆ గ్లాసులో నా మాటకే చోటు లేదు. ఇంకొకళ్లని ఎక్కడ పోస్తారు?"

అందరూ నవ్వారు. అంజిబాబు మాత్రం స్టీలు గ్లాసులోకి తొంగి చూసుకున్నాడు.

వెంకీ నవ్వలేదు. "నేను మొకం మీదనే చెప్త, ఏమనుకోకున్రి. మీది రాయచోటి, అక్కోళ్లది గూడ రాయచోటి. ఐదో గ్లాసు ఎప్పుడు జూసినా మీ దిక్కే పడ్తది. గప్పుడు మా కప్పు ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే."

"ఒక ఊరోళ్లు ఒకే మాట మీదుంటారని నీకెవరు చెప్పిరి?" అన్నాడు షాహుల్ చెప్పుల పక్కనుంచి. "మా ఇంట్లోనే ఉండం."

వీరమ్మ అప్పటిదాకా జామ్ సీసాను రెండు చేతులతో పట్టుకుని చప్పరిస్తూ ఉంది. సీసా కింద పెట్టి, అరచేత్తో జంపఖానా మీద కొట్టింది.

"మీరంతా మగాళ్లు, పెద్దగా ఆలోచిత్తారు. నాకో చిన్న మాట తోచింది. మీటింగు ఎక్కడవుతంది? ఈ జంపఖానా మీద. అందరిదీ అయింది ఇదీ, నడిచే దారీ. అంతే కదా? మిగతాదంతా వాళ్లు పడుకునేది, వండుకునేది, పిల్లని పెంచుకునేది. అది వాళ్లది. ఇది చుట్టేస్తే అందరిదీ కూడా చుట్టుకుపోద్ది. జంపఖానాకి గ్లాసు వద్దు. గదికి గ్లాసుండాలి."

గుమ్మంలో షగుఫ్తా చప్పట్లు కొట్టబోయి, నాన్న చూపు చూసి చేతులు వెనక్కు పెట్టుకుంది.

అమీర్ జాన్ గడ్డం నిమురుకున్నాడు. "ఐదు గ్లాసులైతే సరిసమానం కావు. అంటే నా గ్లాసు రెండు లెక్క ఇంక లేనట్టేనా?"

"పోతే పోయిందిలెండి" అన్నాడు అంజిబాబు. "షుగరు మనిషికి ఒక గ్లాసు చాలండి."

ఈసారి అమీర్ జాన్ కూడా నవ్వాడు. టీ పూర్తిచేసి బంగారు అంచు గ్లాసును ట్రేలో నిలువుగా పెట్టాడు. వీరమ్మ సీసా, స్టీలు గ్లాసు దాని పక్కన నిలబడ్డాయి. వెంకీ చెవి విరిగిన కప్పును కొంచెంసేపు తిప్పి తిప్పి చూసి, "ఇన్నొద్దులు చాయ్ బోసిన చెయ్యి, కాదనలేను" అని నిలువుగానే పెట్టాడు.

అలా మజ్లిస్ ఐదో గది అయింది.

"ఇగ టీవీ ముచ్చట" అన్నాడు వెంకీ, ఆ పని అయిపోయినట్టే చేతులు దులుపుకుంటూ. "మజ్లిస్ గోడకు పెడ్తున్నం. గ్లాసులు ఎట్లాగూ నిలవడ్డయి. అట్లనే ఉండనియ్యిన్రి."

నాలుగు గ్లాసులూ నిలువుగానే ఉన్నాయి. అందరి కళ్లూ నీలిపూల గ్లాసు మీదికి పోయాయి. షాహుల్ మోకాళ్ల మీద కదిలి జంపఖానా అంచు దాకా వచ్చాడు. వచ్చి రెండేళ్లయినా దాని మీద కాలు పెట్టడం అదే మొదలు. గ్లాసు వైపు చెయ్యి చాచాడు. టీవీ వెలుగు అప్పుడే అతని మొహం మీద పడుతున్నట్టుంది.

"గ్లాసు నాది" అంది సనోబర్.

షాహుల్ చెయ్యి వెనక్కు తీసుకున్నాడు. ఆమె వచ్చి వీరమ్మ పక్కన కూర్చుంది. టీ చల్లారిపోయింది. అయినా చివరి చుక్క దాకా తాగింది. కొంగుతో అంచు తుడిచి, నీలిపూల గ్లాసును ట్రేలో బోర్లించింది.

"అరె" అన్నాడు వెంకీ. "రాయచోటి గ్లాసు రాయచోటికి అడ్డం దిరిగిందా?"

"నాలుగు, ఒకటి" అన్నాడు అమీర్ జాన్. "టీవీ గెలిచింది. కానీ బోర్లించినవాళ్లు కారణం చెప్పేది మన రివాజు. చెప్పు బేటీ."

గెలవనని ఆమెకు గ్లాసు ముట్టుకోకముందే తెలుసు. ఈ రివాజు ఒకటుందన్న సంగతి మాత్రం ఆ క్షణం దాకా గుర్తు లేదు. టీ దగ్గర ఇంతకాలం ఆమెను కారణం అడిగినవాళ్లు లేరు. ఇప్పుడు ఐదుగురు మనుషులు, గుమ్మంలో ఒక పిల్ల, తలుపు చాటున నాగదుర్గ, అందరూ ఆమె నోటి వంక చూస్తున్నారు.

"పాప ఊపిరి వినపడదు" అంది.

ఎవరికీ అర్థం కాలేదు. ఆమే మళ్లీ వివరంగా చెప్పాల్సి వచ్చింది. అద్దాల పెట్టె సంగతి, చెయ్యి ముక్కు దగ్గర పెట్టే సంగతి, కొళాయి కట్టేసి వినే సంగతి, అన్నీ తల దించుకుని జంపఖానాకు చెబుతున్నట్టు చెప్పింది. డాక్టరమ్మ ఏమీ లేదందని కూడా దాచకుండా చెప్పింది. "నాకు తెలుసు, ఇది పిచ్చి. ఐనా వినకుంటే నాకు కాలూ చెయ్యీ ఆడదు. టీవీ పెడితే వినపడదు. అంతే మామూ."

ఎవరో నవ్వుతారని ఎదురుచూసింది. అమీర్ జాన్ గొంతు సవరించుకున్నాడు.

"ఈ పిల్ల పుట్టినప్పుడు" అని గుమ్మం వైపు చూపించాడు, "మా ఇంట్లోది దాని ముక్కు కింద దూదిపింజ పెట్టి చూసేది. దూది కదిలిందా లేదా అని. ఒకసారి అది దూది లోపలికి పీల్చేసింది. ఆస్పత్రికి పరిగెత్తినాం."

"అబ్బా" అని షగుఫ్తా మొహం చేతుల్లో దాచుకుంది.

మొదట వీరమ్మ తన సీసా బోర్లించింది. ఆ వెంటనే అంజిబాబు గదిలోంచి నాగదుర్గ దగ్గింది. అంజిబాబు స్టీలు గ్లాసు కూడా బోర్లా పడింది. వెంకీ లేచి, తన కప్పు ఎత్తి, ఉయ్యాల వంక ఒకసారి చూసి, టప్పుమని బోర్లించాడు.

"టీవీ మాది. మా టీవీని మేమే ఓడగొడ్తున్నం. పెరట్ల షెడ్డు కింద పెడ్దాం. చలికాలమొస్తున్నది, గాలి మస్తుంటది. అంజన్నా, వైరు గుంజుతవా?"

"పొద్దున్నే లాగేద్దాం. వాన పడకుండా పైన రేకు కూడా వేసేత్తాను."

అమీర్ జాన్ అందరి తర్వాత, ఏ తొందరా లేకుండా, బంగారు అంచు గ్లాసును తిప్పి పెట్టాడు. "ఒక్క గ్లాసుకు నాలుగు తిరిగినాయి" అన్నాడు. "నా రెండు లెక్కకు కూడా ఇంత బలం లేదబ్బా."

ప్రపంచ కప్పంతా పెరట్లోనే నడిచింది. షాహుల్‌కు బంతి కనపడింది. పెరటి తలుపు మూసి, దానికి పాతదుప్పటి అడ్డం కట్టారు. మజ్లిస్‌లోకి అరుపులు దూరపు సముద్రం చప్పుడులాగే వచ్చేవి. అయితే సనోబర్ అనుకోని ఇబ్బంది ఒకటి వచ్చి పడింది. నీళ్లకో, బజ్జీలకో, ఊరికేనో లోపలికొచ్చిన ప్రతివాడూ పరదా పక్కన ఆగి, ఉయ్యాల మీదికి వంగి చూడటం మొదలుపెట్టాడు. "తీసుకుంటున్నదక్కా" అని వెంకీ చెప్పి పోయేవాడు. అతని వెనకే అంజిబాబు వచ్చి, "బ్రహ్మాండంగా తీసుకుంటంది చెల్లెమ్మా" అనేవాడు. అమీర్ జాన్ వచ్చి చేతి వెనకభాగం పాప ముక్కు దగ్గర పెట్టేవాడు. ఆయన అత్తరు వాసనకు పాప తుమ్మి లేచి కూర్చునేది.

"ఇంతమంది చూసేకంటే టీవీనే నయంగా ఉండె" అని సనోబర్ విసుక్కునేది. విసుక్కుంటూనే ఒక రోజు నడుం వాల్చి, తనకు తెలియకుండానే కన్నుమూసింది. లేచేసరికి మ్యాచి అయిపోయింది. ఉయ్యాల పక్కన వీరమ్మ కూర్చుని, ఒక చేత్తో తాడు లాగుతూ, రెండో చేత్తో బఠాణీలు ఒలుస్తూ ఉంది.

"నువ్వు కూడా తీసుకుంటన్నావులే" అంది వీరమ్మ. "చూశాను."

వీరమ్మ ఇప్పుడు కల్బాలో లేదు. ఆమె పనిచేసే అరబ్బు కుటుంబం అదే తీరాన ఉన్న ఖోర్ ఫక్కాన్ అనే ఊరికి మారితే వాళ్లతో వెళ్లింది. అక్కడ వంటింటికీ సామాన్ల గదికీ నడుమనున్న దారిలో ఆమె పడక. అందరూ దాటుకుంటూ పోయే చోటు. శుక్రవారం టీ అయ్యాక సనోబర్ ఫోను చేస్తుంది. ఎలా ఉన్నావంటే "బానే ఉన్నానమ్మాయ్, నాకేంటి" అంటుంది. నిద్ర పడుతోందా అన్నా అదే మాట. నాలుగో గదివాళ్లు ఆమె జామ్ సీసాను ఇంకా ట్రేలోనే ఉంచారు. ఈ మధ్య రెండు శుక్రవారాలుగా ఫోను మోగుతోంది గానీ ఆమె ఎత్తడం లేదు. సనోబర్ మళ్లీ కొళాయి కట్టేసి వినడం మొదలుపెట్టింది, ఈసారి ఫోను కోసం.

మీలో ఎవరైనా ఖోర్ ఫక్కాన్ వైపు పోయేవాళ్లుంటే, ఒకసారి వీరమ్మను చూసి రండి. బాగున్నానంటే అంతటితో వచ్చేయకండి. ఆ ఇంట్లో అందరూ టీ తాగేటప్పుడు ఆమె గ్లాసు ఎక్కడుందో చూడండి. ఆమెను ఎవరైనా ఏదైనా అడుగుతున్నారో లేదో కనుక్కుని, సనోబర్‌కు ఒక ఫోను చేయండి.